మా అబ్బాయి సార్జెంట్ అయ్యాక

పిల్లాడు అమెరికా ఆర్మీలో ఉన్నాడని చెప్పగానే మనవాళ్లు వెంటనే అడిగేది, "ఆఫీసరా అండీ?" అని. కాదండీ, సార్జెంట్ అంటే ఒక్క క్షణం ఆగి మాట మార్చేస్తారు. గుళ్లో, గృహప్రవేశాల్లో, ఉగాది సంబరాల్లో ఇది నాకు అలవాటైపోయింది గానీ బాధ మాత్రం తగ్గలేదు. సార్జెంట్ అంటే ఆఫీసర్ హోదా లేకుండానే సైనికుల్ని దగ్గరుండి నడిపించే నాయకుడు. ఆ పనేమిటో తెలిసినవాళ్లెవరూ అలా మాట మార్చరని నా నమ్మకం. హైస్కూల్లో జేఆర్ఓటీసీ అనే సైనిక శిక్షణ తరహా క్లాసు తీసుకుని యూనిఫాం వేసుకెళ్లే పిల్లలు ఇప్పుడు మన ఇళ్లల్లోనూ కనిపిస్తున్నారు. ఆ అమ్మానాన్నల కోసమే ఇది రాస్తున్నాను.

మేముండేది సియాటిల్ దగ్గర. మా అబ్బాయి టకోమా పక్కనున్న లూయిస్-మెకార్డ్ బేస్‌లో, ఇన్‌ఫాంట్రీలో, అంటే కాల్బలంలో ఉన్నాడు. ఇప్పుడు స్టాఫ్ సార్జెంట్.

సార్జెంట్లలో చాలా మెట్లున్నాయి. యూనిఫాం మీద పైకి తిరిగిన మూడు గీతలుంటే సార్జెంట్, జీతాల లెక్కలో ఈ-5. ఇన్‌ఫాంట్రీలో అతను టీమ్ లీడర్, తనతో కలిపి నలుగురు. అలాంటి రెండు టీముల మీద ఒక స్టాఫ్ సార్జెంట్, ఈ-6. అతనితో కలిపి తొమ్మిదిమంది స్క్వాడ్. మూడు గీతల కింద ఒక వంపు గీత చేరుతుంది. ఇంకో వంపు చేరితే సార్జెంట్ ఫస్ట్ క్లాస్, ఈ-7. సుమారు 40 మంది ఉండే ప్లటూన్‌కి అతనే ప్లటూన్ సార్జెంట్. కాగితం మీద చూస్తే తల లెక్క పెరుగుతున్నట్టే ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే ఒక్కో మెట్టులో పని తీరే మారిపోతుంది.

టీమ్ లీడర్ పనంతా చేతులతోనూ కళ్లతోనూ. యాకిమా శిక్షణ మైదానంలో వీపు మీద బరువుతో మైళ్లకి మైళ్లు నడిచాక మావాడు తన వాళ్లని కూర్చోబెట్టి బూట్లు విప్పించి పాదాలు చూసేవాడు. బొబ్బ లేచిందా, సాక్సు మార్చుకున్నాడా, నీళ్లు తాగాడా. "నొప్పి లేదని చెప్పేవాడి పాదమే ముందు చూడాలమ్మా" అని నాతో అన్నాడు. రైఫిల్ శుభ్రం చెయ్యమంటే చాలదు, పక్కన కూర్చుని తనది తను చేసుకుంటూ చూపించాలి.

వాడి దగ్గర ఎప్పుడూ ఒక ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం ఉంటుంది. సెలవుకి వచ్చినప్పుడు మా భోజనాల బల్ల మీద దాన్ని తెరిచి రాసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఒక్కో సైనికుడికి ఒక్కో పేజీ. బూటు సైజు, రైఫిల్ నంబరు, రెండు మైళ్ల పరుగు టైము, వేయించుకోవాల్సిన టీకా, భార్య ఫోన్ నంబరు, పాప పుట్టినరోజు. ఒక పేజీలో పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి, కింద రాసింది నాకు చూపించాడు. కారు లోను, నడ్డి విరిచే వడ్డీ. ఆ కుర్రాడికి ఇంకా ఇరవై నిండలేదట. మొదటి జీతాలు చేతిలో పడగానే ఎవరో అంటగట్టిన కారు. "మరి నువ్వేం చేస్తావురా?" అంటే, "బేస్‌లో డబ్బు విషయాల్లో సాయం చేసే ఆఫీసు ఉందమ్మా. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తా. వెళ్లు అంటే వాడు వెళ్లడు" అన్నాడు. ప్రతి ఒక్కరితోనూ విడిగా కూర్చుని, ఏది బాగుంది, ఏది మారాలి, ఎలా మారాలి అని రాసి సంతకాలు చేసుకునే ఫారం కూడా ఉంది, 4856 అంటారు. శ్రద్ధలేని సార్జెంట్‌కి అది మామూలు కాగితం. శ్రద్ధ ఉన్నవాడి చేతిలో ఒక మనిషి దారే మారుతుంది.

స్టాఫ్ సార్జెంట్ అయ్యాక అసలు కష్టం ఇంకో రకం. ఇప్పుడు వాడు తిన్నగా వెళ్లి బూట్లు విప్పించకూడదు. విప్పించావా అని టీమ్ లీడర్‌ని అడగాలి. టీమ్ లీడర్‌ని దాటి కుర్రాళ్లకి చెప్పడం మొదలుపెడితే అతని మాటకి విలువ ఉండదు. కళ్లముందు పని నెమ్మదిగా సాగుతున్నా, అతను నేర్చుకునేదాకా ఓపికపట్టాలి. నలుగురిని నడపడం కన్నా, నడిపేవాళ్లని తయారుచేయడం కష్టమని మావాడు ఒప్పుకుంటాడు.

మన పెంపకం వల్ల వాడికి ఒక చిక్కు కూడా వచ్చింది. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకూడదని, ఎదురు మాట్లాడకూడదని నేర్పి పెంచాం. వాడి టీమ్‌లో ఒక స్పెషలిస్ట్ (సార్జెంట్ కన్నా ఒక మెట్టు కింది ర్యాంకు) వాడికన్నా చాలా పెద్ద, ఇద్దరు పిల్లల తండ్రి. ఆలస్యంగా ఆర్మీలో చేరాడు. అతనికి పని పురమాయించాలంటే మావాడికి నోరు పెగల్లేదు. మాకు చెప్పలేదు, వాళ్ల తాతయ్యకి ఫోన్ చేశాడు. మా నాన్న ఇండియన్ ఆర్మీలో హవల్దార్‌గా, అంటే ఇక్కడి సార్జెంట్ లాంటి ర్యాంకులో రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన మిలిటరీ మాధవరం మాకు దగ్గరే, అక్కడి వాళ్లని చూసే నాన్న సైన్యంలో చేరారు. "పని చెప్పేటప్పుడు వయసు చూడకురా. అన్నం దగ్గర చూడు. వాళ్లంతా తిన్నాకే నువ్వు తిను" అన్నారట. అమెరికా ఆర్మీలోనూ ఫీల్డ్‌లో అదే పద్ధతి, చిన్న ర్యాంకు వాళ్ల పళ్లెం నిండాకే సార్జెంట్ల వంతు. తాత ఎప్పుడో పాటించింది మనవడు ఇంకో దేశపు సైన్యంలో పాటిస్తున్నాడంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్లటూన్ సార్జెంట్ స్థానం. ప్లటూన్‌కి అధికారి లెఫ్టినెంట్. చాలాసార్లు కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడో అమ్మాయో. ప్లటూన్ సార్జెంట్‌కి అప్పటికే ఏళ్ల తరబడి అనుభవం. అయినా ఆయనే ముందు సెల్యూట్ చేస్తాడు, సర్ అనో మేడమ్ అనో పిలుస్తాడు. నిర్ణయం లెఫ్టినెంట్‌దే. మందుగుండు, తిండి, నీళ్లు, గాయపడ్డవాళ్లని వెనక్కి చేర్చడం, కుర్రాళ్ల శిక్షణ ఈయన చూసుకుంటాడు. లెఫ్టినెంట్ నిర్ణయం తప్పనిపిస్తే పక్కకి పిలిచి ఇద్దరే ఉన్నప్పుడు గట్టిగానే చెబుతాడు. బయటికొచ్చాక, ఖాయమైన నిర్ణయాన్ని తన సొంత నిర్ణయంలాగే అమలు చేస్తాడు. చిన్నవాళ్లు వినడం, పెద్దవాళ్లు చెప్పడం, ఇదే మన ఇళ్లల్లో మర్యాద. తనకన్నా చిన్నవాడి అధికారాన్ని నలుగురిలో నిలబెడుతూ వాడికి పని నేర్పే పెద్దరికం కూడా మన పిల్లలు చూడాలని నా కోరిక.

ఆ పైన ఈ-8లో రెండు దారులు. జీతం ఒకటే, పని వేరు. ఫస్ట్ సార్జెంట్ గీతల మధ్యలో డైమండ్ గుర్తుంటుంది. వందకు పైగా మనుషులుండే కంపెనీలో ప్రతి కష్టమూ చివరికి ఆయన గుమ్మం ఎక్కుతుంది. మాస్టర్ సార్జెంట్ ఎక్కువగా బెటాలియన్ (కొన్ని కంపెనీలు కలిస్తే ఒకటి), ఆపై స్థాయి కార్యాలయాల్లో ప్రణాళికలు చూస్తాడు. ఈ-9లో సార్జెంట్ మేజర్, కమాండ్ సార్జెంట్ మేజర్. రెండో ఆయన బెటాలియన్, ఆపై కమాండర్ల పక్కనుండి సలహా చెబుతాడు. మొత్తం ఆర్మీకి కలిపి ఒక్క సార్జెంట్ మేజర్ ఉండే పదవి 1966లో వచ్చింది. వీళ్లలో ఎవర్నీ సర్ అనరు. ఫస్ట్ సార్జెంట్‌ని ఫస్ట్ సార్జెంట్ అనీ, సార్జెంట్ మేజర్‌ని సార్జెంట్ మేజర్ అనీ, మిగతావాళ్లని సార్జెంట్ అనీ పిలవాలి.

మా నాన్నకి ఇందులో ఒకటి వింతగా తోచింది. మన సైన్యంలో హవల్దార్‌కీ మూడు గీతలే, కాకపోతే కిందికి తిరిగి ఉంటాయి. ఆ పైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అని జేసీఓల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) వరుస వేరే ఉంది. ప్లటూన్‌ని మామూలుగా నడిపేది సాబ్ అని పిలిపించుకునే ఆ జేసీఓలే. అమెరికాలో ఆ వరుస లేదు. జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య నిలబడే బరువంతా సార్జెంట్ల భుజాల మీదే ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఆ సైన్యానికి శిక్షణ ఇచ్చిన స్టూబెన్ 1779లో రాసిన నిబంధనల పుస్తకంలోనే సార్జెంట్ల బాధ్యతలు విడిగా ఉన్నాయి.

ఆఫీసర్ దారి మావాడికి మూసుకుపోలేదు, డిగ్రీ పూర్తిచేస్తే ప్రయత్నించవచ్చు. కానీ లెఫ్టినెంట్లు కొంతకాలం ప్లటూన్‌తో ఉండి వేరే పనికి మారిపోతారనీ, తనకి మనుషుల దగ్గరే ఉండాలనుందనీ అంటాడు. సార్జెంట్ పని చదువు లేని పని కూడా కాదు. మెట్టు మెట్టుకీ ఒక కోర్సు ఉంది, పైన టెక్సస్ ఫోర్ట్ బ్లిస్‌లో సార్జెంట్ మేజర్ల అకాడమీ దాకా. భయం లేదా అంటే ఉంది. మన బిడ్డ మొదటి సార్జెంట్ ఎవరో మనం ఎంచుకోలేం, మంచి చెడూ చాలావరకు ఆ మనిషి మీదే ఆధారపడతాయి. పిల్లల్ని సైన్యంలో చేర్చుకోవడానికి మీ ఇంటికొచ్చే రిక్రూటర్ కూడా దాదాపుగా సార్జెంటే అయ్యుంటాడు. బోనస్ సంగతి తర్వాత, మీ కింద ఎంతమంది ఉండేవాళ్లు, వాళ్లిప్పుడు ఎలా ఉన్నారు అని అడగండి. ఆ జవాబులో మీకు చాలా తెలుస్తుంది.

మా అబ్బాయి ఇప్పుడు ఆ పెద్ద స్పెషలిస్ట్‌నే సార్జెంట్ ప్రమోషన్ బోర్డుకి తయారుచేస్తున్నాడు. బెటాలియన్ కమాండ్ సార్జెంట్ మేజర్, కంపెనీల ఫస్ట్ సార్జెంట్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతారు. సాయంత్రాలు ఇద్దరూ ప్రశ్నలు వల్లెవేస్తున్నారట. వచ్చే ఆదివారం భోజనానికి అతన్ని, భార్యాపిల్లలతో సహా మా ఇంటికి రమ్మన్నాను.