కమ్మీ పట్టుకున్న చేతులు

మన బ్యాచి కలయిక సంచికకి ఒక్క పేజీ చాలని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. రెండేళ్ల ఇంగ్లీషు ఎం.ఏ. తలుచుకుంటే చాసర్ రాలేదు, మిల్టన్ రాలేదు. జేమ్స్ జాయిస్ కథల పుస్తకం 'డబ్లినర్స్'లో పదిహేను కథలుంటే నాకు మిగిలింది 'ఎవెలీన్' ఒక్కటే. నాలుగైదు పేజీల కథకి మాస్టారు మూడు వారాలు తీసుకున్నారు.

మొదటి వారమంతా ఎవెలీన్ కూర్చున్న కిటికీ దగ్గరే. "ఆ దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందమ్మా?" అని అందర్నీ వరసగా లేపారు. తర్వాత ఆమె జీతం, ఏడు షిల్లింగులు. పంతొమ్మిదేళ్లు దాటిన పిల్ల జీతమంతా తండ్రికిచ్చి, శనివారం రాత్రి ఇంటి ఖర్చుకి మళ్లీ ఆయన్నే బతిమాలుకోవాలి. ఇక మూడో వారం యుద్ధమే. పెళ్లాడి దూరదేశం తీసుకెళ్తానన్న నావికుడు ఫ్రాంక్‌తో ఎవెలీన్ ఓడ ఎక్కాలని క్లాసులో కిటికీ బెంచీ, ఇల్లు చెదరకుండా చూస్తానని చనిపోయిన తల్లికిచ్చిన మాట తప్పకూడదని తలుపు బెంచీ. నేను తలుపు బెంచీ. ఆ తల్లి ఆఖరి ఘడియల్లో పలవరించిన, అర్థం తేలని 'దెరెవాన్ సెరాన్' సంగతి మాత్రం ఇక్కడ రాయను, మెస్సులో ఆ ఆదివారం ఉన్నవాళ్లకి ఆ మాట చాలు.

మాస్టారు ఎవరి పక్షమూ తీసుకోలేదు. "చేతులు చూడండి. ఓడ ఎక్కకుండా రేవులో కమ్మీని ఎలా పట్టుకుందో చూడండి. కళ్లలో ప్రేమ లేదు, వీడ్కోలు లేదు, అతన్ని గుర్తుపట్టినట్టూ లేదు. దీన్ని నిర్ణయం అంటారా?" అన్నారు. క్లాసులో చప్పుడు లేదు. ఆఖర్న చాక్‌పీసు కింద పెట్టి, "ఈ కథ 1904 సెప్టెంబరులో పత్రికలో వచ్చింది. నెల తిరక్కుండానే జాయిస్ తన ప్రియురాలు నోరాతో డబ్లిన్ వదిలి వెళ్లిపోయాడు" అని బయటికి నడిచారు.

ఎంఫిల్ సీటొచ్చినప్పుడు అమ్మకి ఒంట్లో బాగాలేదు. వెళ్లమని ఆవిడే అంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ కదిలేటప్పుడు చూసుకుంటే నా రెండు చేతులూ కిటికీ ఊచల్ని బిగించి పట్టుకుని ఉన్నాయి, లోపలి వైపు నుంచి.

ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పాను. మా ఊళ్లో మొదటిసారి డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఎందరో నా క్లాసులో కూర్చున్నారు. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ప్రతి బ్యాచికీ 'ఎవెలీన్' చెప్పాను. దుమ్ము ప్రశ్న మాస్టారిదే.

పోయినేడు అమ్మాయి దగ్గరికి డబ్లిన్ వెళ్లాను. ఎవెలీన్ ఆగిపోయిన నార్త్ వాల్ రేవు దగ్గర ఇప్పుడన్నీ అద్దాల ఆఫీసులే. లిఫీ నది ఒడ్డున ఒక కమ్మీ దగ్గర ఫోటో తీయించుకున్నాను. మన కలయికకి తెస్తున్నాను. కిటికీ బెంచీ వాళ్లు ముందు వరసలో కూర్చోండి, తల్లికిచ్చిన మాట గురించి నేను చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.