టికెట్ ఉందా?

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో నేను కంప్యూటర్లు చూసుకునే ఆఫీసులో మొన్న మా టీమ్ హెడ్ పక్కకు పిలిచి, “టికెట్ లేకుండా స్టోరేజీ సెట్టింగులు ఎందుకు మార్చారు?” అని అడిగారు. టికెట్ అంటే ఏ పనికైనా ముందు నమోదు చేయాల్సిన అర్జీ; స్టోరేజీ అంటే అందరి ఫైళ్లూ ఉండే మెషిన్. గొంతు పెంచలేదు. అయినా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

డిజైన్ సెక్షన్‌లో ఒకాయన విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ మీద పనిచేస్తారు. సాయంత్రంలోగా కస్టమర్‌కి డ్రాయింగులు పంపాలి. కొత్త సిస్టమ్‌లో స్టోరేజీలోని షేర్డ్ ఫోల్డర్ మౌంట్ కావట్లేదు, అంటే తగులుకోవట్లేదు. ‘ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్’ అంటోంది. ‘ఉన్నావా’ అని పింగ్ కొడితే మాత్రం నిక్షేపంగా జవాబొస్తోంది. పక్కనున్న విండోస్ వాళ్లకి అదే ఫోల్డర్ తెరుచుకుంటోంది. తీరా చూస్తే, ఆ పాత స్టోరేజీని ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) వెర్షన్ 1 దగ్గరే ఆపేసి ఉంచారు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై పాకింది ఆ వెర్షన్‌లోని లొసుగు పట్టుకునే. అదే ఏడాది వచ్చిన లినక్స్ కెర్నల్ (దాని గుండెకాయ) 4.13 నుంచి, మనం పనిగట్టుకుని చెబితే తప్ప అది వెర్షన్ 1 జోలికి పోదు. ఉబుంటులో వెర్షన్ 1 వాడమని ‘వెర్స్=1.0’ అని రాస్తే క్షణంలో అయిపోయేదే, కానీ అది దొంగకి తలుపు తీసిపెట్టడం. అందుకే స్టోరేజీలోనే వెర్షన్ 3 ఆన్ చేశాను. డ్రాయింగులు టైముకి వెళ్లాయి.

హైదరాబాద్‌లో పక్క సీటాయన “అన్నా, ఒక్కసారి చూడవా” అంటే టికెట్ నంబర్ అడుగుతామా? అర్ధరాత్రి ఫోన్ చేసినా లేచి చూసేవాళ్లం. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అంటే నేనొప్పుకోను. అసలు విండోస్‌ని, లినక్స్‌ని కలిపిన సాంబా అనే సాఫ్ట్‌వేర్ పుట్టిందే అలా. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి తన పీసీకి యూనిక్స్ మెషిన్‌లోని ఫైళ్లు అందాలని, చేతిలో ఏ డాక్యుమెంటూ లేకుండా, నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లు చూస్తూ రాసుకున్నాడు. ఎవరి అనుమతి కోసం ఆగాడు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మైక్రోసాఫ్ట్ దగ్గరున్న ఆ పద్ధతి (ప్రోటోకాల్) వివరాలు సాంబా వాళ్ల చేతికొచ్చింది 2007 డిసెంబర్‌లో. 2004లో యూరోపియన్ కమిషన్ ఆదేశించి, కోర్టు దాన్ని సమర్థించాకే అది జరిగింది. ఏదైనా కాగితం మీద ఉండాల్సిందేనన్న ఈ యూరప్ వాళ్ల పట్టుదల లేకపోతే ఆ పని అయ్యేదా! అది తలచుకుంటే కోపం సగం దిగిపోతుంది.

టికెట్ తర్వాత రాసిచ్చాను, ఏం మార్చానో, ఎందుకో వివరంగా. కానీ ఎదురుగా మనిషి టెన్షన్ పడుతుంటే ముందు ఫారం నింపమనడం నావల్ల కాదు.