ర్యామ్ పెంచాక పెళ్లి ఫొటోలు పాడవుతున్నాయా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నకిరేకల్, దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి ఫొటోగ్రాఫర్లు కార్డులు పట్టుకుని వస్తారు. ఫొటోషాప్‌లో రెండు షీట్లు తెరిస్తే చాలు కంప్యూటర్‌లోని 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు డేటా ఉండే మెమరీ) నిండిపోతోంది. అందుకే సీజన్‌కు ముందు ఇంకో 8 జీబీ వేయించాను. పాత స్టిక్ (ర్యామ్ పలక) 2400 స్పీడు డీడీఆర్4 రకం, కొత్తది 3200. మదర్‌బోర్డు బీ450 రకం, ప్రాసెసర్ రైజెన్.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత బ్లూ స్క్రీన్లు (విండోస్ ఆగిపోయి నీలం తెర మీద తప్పు పేరు చూపించడం) మొదలయ్యాయి. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని, ఇంకోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని. అసెంబుల్ చేసిన తమ్ముడికి ఫోన్ చేస్తే, "కరెంటు ఎక్కువ తక్కువ అయితుండొచ్చన్నా, యూపీఎస్ చూపించు" అన్నాడు. యూపీఎస్ మార్చాం, విండోస్ కొత్తగా వేశాం. ఏమీ మారలేదు.

నాకు అసలు భయం పట్టుకున్నది ఒక జీలకర్ర బెల్లం ఫొటో చూశాక. పెళ్లికూతురి బాసికం వరకు రంగులు సరిగ్గానే ఉన్నాయి. అక్కడి నుంచి కిందికి అంతా ఆకుపచ్చ ఛాయ, ముఖం సగం పక్కకు జరిగిపోయి ఉంది. అదే ఫొటోను కార్డు నుంచి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే శుభ్రంగా ఉంది. అంటే కెమెరాదీ కాదు, కార్డుదీ కాదు, కాపీ అయ్యేటప్పుడు పాడైంది.

కార్డు నుంచి హార్డ్‌డిస్క్‌కు పోయే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే పోతుంది. అక్కడ ఒక్క బిట్టు తారుమారైనా జేపీఈజీలో దాని తర్వాతి భాగమంతా చెదిరిపోవచ్చు. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ అలాంటి తప్పును పట్టుకుని సరిచేస్తుంది. మన షాపుల్లోని మామూలు ర్యామ్‌కు ఆ వసతి లేదు. చెడిన ఫైలే డిస్క్‌లోకి వెళ్తుంది, కాపీ మాత్రం పూర్తయిందని చూపిస్తుంది. సిస్టం ఆగిపోతే ఒక గంట పని పోతుంది, మళ్లీ చేసుకుంటాం. కార్డు ఫార్మాట్ చేశాక ఫొటో చెడిందని తెలిస్తే ఆ ఇంటివాళ్లకు ఏం చెబుతాం? జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా.

ఆ రాత్రే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపాను. ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌తో పని లేకుండా నేరుగా బూట్ అవుతుంది. కాసేపటికే తప్పులు చూపించే ఎర్రటి వరుసలు దిగడం మొదలైంది. పాత స్టిక్ ఒక్కటే పెట్టి చూస్తే తప్పుల్లేవు. అదే స్లాటులో కొత్తది ఒక్కటే పెట్టినా తప్పుల్లేవు. రెండూ కలిపితేనే ఎరుపు.

బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్తే సంగతి తెలిసింది. ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంది. అది కొత్త స్టిక్‌లో తయారీదారు రాసిపెట్టిన 3200 ప్రొఫైల్, 1.35 వోల్టుల మీద నడిచేది. స్టిక్కులు రెండున్నా స్పీడు మాత్రం రెండింటికీ ఒకటే ఉంటుంది కాబట్టి 1.2 వోల్టుల దగ్గర 2400కు చేసిన పాత స్టిక్ కూడా 3200లో పరుగెత్తాల్సి వస్తోంది. "స్పీడ్ వస్తదని పెట్టిన అన్నా" అన్నాడు తమ్ముడు. ఎక్స్ఎంపీ ఆఫ్ చేస్తే రెండూ 2400కు దిగాయి. రాత్రంతా టెస్టు నడిపితే ఒక్క తప్పూ రాలేదు. 3200 కావాలనుకునేవాళ్లు రెండు స్టిక్కులూ ఒకే ప్యాక్‌లో వచ్చే జత కొనడం మంచిది. ఆల్బమ్ పనికి నాకు 2400 చాలు.

ఇక ఆ మధ్యలో కాపీ చేసిన ఫోల్డర్ల సంగతి. ఆల్బమ్ ప్రింటుకు పోయేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దని మా దగ్గరికి వచ్చే ఫొటోగ్రాఫర్లకు ముందు నుంచీ చెబుతాను. అందుకే కార్డులన్నీ ఉన్నాయి. మళ్లీ కాపీ చేసి, టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై (కాపీ అసలుతో సరిపోయిందో చూడటం) పెట్టి, పాత ఫోల్డర్లతో పోల్చాను. బరాత్ ఫొటోల్లో ఇంకొన్ని చెడినవి బయటపడ్డాయి. పైకి చూస్తే ఏ తేడా కనిపించనివి కూడా వాటిలో ఉన్నాయి.

అప్పుడు సేవ్ చేసిన పీఎస్‌డీలకు (ఫొటోషాప్ ఫైళ్లకు) మాత్రం పోల్చడానికి ఇంకో కాపీ లేదు. ఒక్కో షీటు తెరిచి, 100 శాతం జూమ్‌లో, లేయరు లేయరుగా చూస్తున్నాను. దేవరకొండ పెళ్లి అయిపోయింది. మిర్యాలగూడది ఇవాళ పట్టుకోవాలి.