కరెంటు, గ్యాస్ రేటు ఫిక్స్ చేసుకోవాలా, వద్దా: ఇంగ్లండ్‌లోని రెడింగ్ ఊళ్లో నా అనుభవం

2025 ఫిబ్రవరి 25న బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్, ఏప్రిల్ నుంచి జూన్ వరకూ వర్తించే ప్రైస్ క్యాప్‌ను, అంటే రేటు ఫిక్స్ చేసుకోని ఇళ్ల నుంచి కంపెనీలు వసూలు చేయగల ధరకు పెట్టే పరిమితిని, ప్రకటించింది. అప్పటిదాకా ఏడాదికి 1,738 పౌండ్లుగా ఉన్న అంకె 1,849కి పెరిగింది. మేము అప్పటికి స్టాండర్డ్ వేరియబుల్ టారిఫ్‌లో ఉన్నాం. అంటే మూడు నెలలకోసారి క్యాప్ ఎటు కదిలితే మా రేటూ అటే కదులుతుంది. ఏడాదిపాటు ఒకే రేటుకు ఒప్పందం చేసుకోవాలా, ఉన్నచోటే ఉండాలా, కంపెనీ మారాలా అన్నది మార్చి నెలాఖరులోగా తేల్చుకోవలసి వచ్చింది. ఇక్కడి మన కుటుంబాల్లో చాలామంది బ్యాంకు నుంచి నెలనెలా పోయే డైరెక్ట్ డెబిట్ మొత్తాన్ని చూసి ఈ నిర్ణయం తీసుకుంటున్నారు. ఆ మొత్తం కంపెనీ వేసుకున్న అంచనా మాత్రమే. రేటు తగ్గినా అది పెరగవచ్చు, రేటు పెరిగినా అది తగ్గవచ్చు. అందుకే దాన్ని పక్కన పెట్టి నేను వేసుకున్న లెక్కను వివరంగా రాస్తున్నాను.

ముందుగా క్యాప్ సంగతి. 1,849 పౌండ్లు దాటి బిల్లు రాదని అనుకునేవాళ్లు నాకు అప్పట్లో ఎదురయ్యేవారు. ఆ అంకె ఏడాదికి 2,700 యూనిట్ల కరెంటు, 11,500 యూనిట్ల గ్యాస్ వాడే ఇంటికి వేసిన లెక్క మాత్రమే (రెండింటికీ యూనిట్ అంటే కిలోవాట్ అవర్). నిజంగా పరిమితి ఉన్నది యూనిట్ ధరకూ, వాడినా వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ చార్జ్‌కూ. ఖమ్మం నుంచి వచ్చి మా దగ్గర ఉన్న మామగారు "ఎన్ని యూనిట్లు దాటితే స్లాబు మారుతుందమ్మా?" అని అడిగారు. అక్కడ ఇంటికి ఒకే డిస్కం, రేటు నిర్ణయించేది రాష్ట్ర నియంత్రణ మండలి, వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. మాలాంటి మామూలు టారిఫ్‌లో ఇక్కడ స్లాబులు లేవు, మొదటి యూనిట్‌కీ చివరి యూనిట్‌కీ ఒకటే ధర. అయితే ఇంటికి తాళం వేసి నెల రోజులు ఇండియా వెళ్లినా స్టాండింగ్ చార్జ్ మాత్రం రోజూ పడుతూనే ఉంటుంది, కాబట్టి యూనిట్ ధర ఒక్కటే చూసి టారిఫ్‌లను పోల్చడం కుదరదు.

తర్వాత మా అసలు వాడకం తెలియాలి. కరెంటు మీటరు నేరుగా యూనిట్లనే చూపిస్తుంది. మా గ్యాస్ మీటరు ఘనపు మీటర్లు చూపిస్తుంది. అది వీధి వైపు గోడకున్న తెల్లటి పెట్టెలో ఉంటుంది. దాన్ని మూడు మూలల తాళంచెవితో తెరిచి, దశాంశ బిందువు తర్వాత వచ్చే అంకెలు వదిలేసి మిగతావి రాసుకోవాలి. జనవరిలో మాకు 132 ఘనపు మీటర్లు అయింది. దాన్ని ఉష్ణోగ్రత, పీడనాల సవరణ అంకె 1.02264తో గుణించి, బిల్లు మీద వేసిన క్యాలరిఫిక్ విలువ (గ్యాస్ ఇచ్చే వేడి కొలత) 39.2తో మళ్లీ గుణించి, 3.6తో భాగిస్తే 1,470 యూనిట్లు వచ్చాయి, యూనిట్‌కు 6.34 పెన్నీల చొప్పున 93 పౌండ్లు. బిల్లు కూడా ఇదే చెప్పింది. బిల్లులోని వార్షిక సారాంశం ప్రకారం మాకు ఏడాదికి 3,400 యూనిట్ల కరెంటు, 9,800 యూనిట్ల గ్యాస్ అవుతోంది. ఇద్దరం ఇంటి నుంచే పనిచేస్తాం గనుక కరెంటు సగటు ఇంటికన్నా ఎక్కువ. గ్యాస్ మాత్రం సగటు కన్నా తక్కువే. ప్రచారంలో ఉండే సగటు అంకె మా ఇంటికి సరిపడదని అక్కడే తేలిపోయింది.

ఇక పోలిక. రేట్లు ప్రాంతాన్ని బట్టి కొద్దిగా మారతాయి గనుక, ఎవరైనా సరిచూసుకోవడానికి వీలుగా దేశ సగటునే ఇస్తున్నాను. ఏప్రిల్ క్యాప్ ప్రకారం కరెంటు యూనిట్ 27.03 పెన్నీలు, రోజుకు 53.80 పెన్నీల స్టాండింగ్ చార్జ్. గ్యాస్ యూనిట్ 6.99 పెన్నీలు, రోజుకు 32.67. మా వాడకానికి ఏడాదంతా ఇవే రేట్లు ఉంటే 1,920 పౌండ్లు అవుతుంది. నాకు దొరికిన పన్నెండు నెలల ఫిక్స్‌డ్ టారిఫ్‌లో కరెంటు 24.9, గ్యాస్ 6.2 పెన్నీలు, స్టాండింగ్ చార్జ్‌లు 52, 30 పెన్నీలు. మొత్తం 1,754. తేడా 166 పౌండ్లు. అంటే క్యాప్ రేట్లు ఏడాది సగటున ఏప్రిల్ కన్నా దాదాపు 9 శాతం కిందికి దిగితే తప్ప ఫిక్స్ చేసుకోవడం వల్ల నష్టం లేదు. ఒకవేళ అంతకన్నా బాగా దిగిపోతే, కరెంటుకు 50, గ్యాస్‌కు 50 పౌండ్ల ఎగ్జిట్ ఫీజు కట్టి బయటపడవచ్చు.

కంపెనీ క్యాప్ కన్నా తక్కువకు ఎందుకు ఇస్తోందన్న అనుమానం మావారికి చాలా రోజులు పోలేదు. కారణం తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. ఏప్రిల్ క్యాప్‌లోని హోల్‌సేల్ ధర, నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మార్కెట్లో ఉన్న ధరల ఆధారంగా లెక్కగట్టినది. యూరప్‌లో గ్యాస్ బాగా ప్రియమైన చలికాలం అది. ఫిక్స్‌డ్ టారిఫ్ మాత్రం, ఒప్పందం అమ్ముతున్న రోజుల్లో రాబోయే ఏడాదికి పలుకుతున్న ధరను బట్టి ఉంటుంది. ఫిబ్రవరి చివరికి మార్కెట్ దిగడం మొదలైంది. ఆ తగ్గుదల క్యాప్‌లోకి చేరేది జూలైలో, ఫిక్స్‌డ్ టారిఫ్‌లోకి వెంటనే. ఇలా మార్కెట్ దిగుతున్న వేళ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం.

అరగంటకోసారి ధర మారే టారిఫ్‌ను కూడా పరిశీలించాను. దానిలో సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకూ ధర మామూలుగా అన్నిటికన్నా ఎక్కువ. పిల్లలు బడి నుంచి వచ్చేది, కుక్కర్ పెట్టేది, గ్రైండర్ తిరిగేది మా ఇంట్లో సరిగ్గా ఆ వేళలోనే. రాత్రిపూట చార్జ్ చేసుకునే ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు అది మంచిదే, మాకు కాదు.

కంపెనీ ఎంపికలో 2021ని గుర్తు పెట్టుకున్నాను. ఆ ఏడాది హోల్‌సేల్ ధరలు ఎగబాకినప్పుడు రెండు డజన్లకు పైగా సరఫరా కంపెనీలు మూతబడ్డాయి. వాటి వినియోగదారులను ఆఫ్‌జెమ్ వేరే కంపెనీలకు అప్పగించింది, ఖాతాలో మిగిలిన డబ్బు భద్రంగానే ఉంది, కానీ వాళ్లు ఫిక్స్ చేసుకున్న చవక రేటు మాత్రం పోయింది. అందుకే అన్నిటికన్నా చవకైనదాన్ని కాక, ఏటా 20 పౌండ్లు ఎక్కువైనా ఎక్కువకాలంగా నిలబడ్డ కంపెనీని ఎంచుకున్నాను.

మారడం సులువుగానే జరిగింది. అయిదు పనిదినాల్లో ఖాతా మారింది. మీటరూ గొట్టాలూ అవే గనుక సరఫరా ఆగలేదు. మనసు మార్చుకోవడానికి పద్నాలుగు రోజుల గడువు కూడా ఉంది. చిక్కు వచ్చింది పాత కంపెనీతో. మా ఖాతాలో 212 పౌండ్లు మిగులు ఉండగా, వాళ్లు చివరి గ్యాస్ రీడింగ్‌ను అంచనా వేసి ఎక్కువ చూపించారు. ఆరు వారాల్లో చివరి బిల్లు, ఆ తర్వాత పది పనిదినాల్లో మిగులు డబ్బు ఇవ్వాలన్నది నిబంధన. మారిన రోజు ఉదయం రెండు మీటర్లకూ తేదీ కనిపించేలా ఫోటోలు తీసి ఉంచాను. అవి పంపాక బిల్లు సరిదిద్ది డబ్బు మొత్తం తిరిగి ఇచ్చారు. ఆ ఫోటోలు లేకపోతే వాదన ఎంతకాలం సాగేదో ఊహించలేను, కాబట్టి మారే ప్రతివారూ ఇది చేసి తీరాలని అడుగుతున్నాను.

జూలైలో క్యాప్ 1,720కి దిగింది. మా వాడకానికి ఆ రేట్లతో ఏడాదికి 1,792 పౌండ్లు. అక్టోబరు రేట్లతో 1,832. రెండూ మా 1,754 కన్నా ఎక్కువే. ఒప్పందం మార్చి చివర ముగుస్తుంది. చివరి 49 రోజుల్లో ఎగ్జిట్ ఫీజు వసూలు చేయకూడదు గనుక, ఫిబ్రవరి రెండో వారం నుంచి కొత్త రేట్లు చూడటం మొదలుపెడతాను. అప్పటికి మామగారు ఖమ్మం వెళ్లిపోయి ఉంటారు, పగటిపూట హీటింగ్ తగ్గుతుంది, కాబట్టి గ్యాస్ యూనిట్లను ముందు మళ్లీ లెక్కించుకోవాలి.