తాగే నీళ్ళతో గడ్డం

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున కుడి దవడ కింద రెండు చోట్ల తెగింది. ఇల్లు మారాక ఇలా తెగడం ఇది నాలుగోసారి. పటిక బిళ్ళ తడిపి అద్దితే నెత్తురు ఆగింది కానీ చురుకు మధ్యాహ్నం దాకా పోలేదు. మా ఇంట్లో మంగళవారం గడ్డం ముట్టుకోరు. అందుకని బుధవారం నాటికి రెండు రోజుల గడ్డం ఉంటుంది, కాస్త బిరుసుగా ఉంటుంది. అయినా ముప్పై అయిదేళ్ళుగా గీస్తున్న చెయ్యి ఇది. రేజరు అదే, కుంచె అదే, సబ్బు అదే.

జూన్‌లో బదిలీ మీద కందుకూరు వచ్చాను. దసరా దాకా ఊరి నడిమధ్య ఒక గదిలో ఒక్కడినే ఉన్నాను. అక్కడ మున్సిపల్ కుళాయి ఉండేది. సెలవుల్లో నెల్లూరు నుంచి సామాను తెచ్చుకొని పామూరు రోడ్డులో ఈ ఇంట్లో చేరాం. వెనక బోరు ఉంది. స్విచ్ వేస్తే నీళ్ళు. నీళ్ళకు కటకటలాడిన ఊళ్ళో పెరిగినవాడిని కాబట్టి, ఆ బోరు చూసే ఇంటికి ఒప్పుకున్నాను.

చేరిన మొదటి రోజు నుంచీ నురగ రాలేదు.

గడ్డం గీసుకోవడంలో నాకు ఇష్టమైన భాగం బ్లేడు పని కాదు, అంతకుముందు జరిగేది. పంది వెంట్రుకల కుంచె నాది. దాన్ని రెండు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నాననివ్వాలి. నానకపోతే అది నీళ్ళన్నీ తానే తాగేసి నురగను ఎండబెడుతుంది. నానాక ఒక్కసారి విదిలించి, గుండ్రటి సబ్బు బిళ్ళ మీద అర నిమిషం తిప్పాలి. తర్వాత చెంప మీద తిప్పుతూ, చుక్క చుక్కగా నీళ్ళు చేర్చుకుంటూ పోతే, పెరుగు చిలికేటప్పుడు వెన్న కూడుకున్నట్టు నురగ కూడుకుంటుంది. కుంచె పైకి లాగితే కొన నిలబడి కొద్దిగా వాలాలి. బుడగ కంటికి కనిపించకూడదు. ఆ నురగ చేసే అసలు పని వెంట్రుక చుట్టూ నీటిని పట్టి ఉంచడం. రెండు మూడు నిమిషాలు నానిన వెంట్రుక మెత్తబడి, ఎండు వెంట్రుక కన్నా చాలా తేలికగా తెగుతుంది.

ఈ ఇంట్లో వస్తున్నది అది కాదు. చేప కళ్ళంత బుడగలు, చూస్తుండగానే పగిలిపోతాయి. చెంప మీద బూడిద రంగు పొర ఒకటి మిగులుతుంది. ఈ పొద్దున గిన్నె అంచు దగ్గర కళ్ళు పెట్టి చూశాను. తెల్లటి పలుకులు అంచు వెంట అతుక్కొని ఉన్నాయి. వేలితో తీస్తే జిడ్డుగా వచ్చాయి, ఎంత కడిగినా వేలిని వదల్లేదు. విరిగిన పాలలో కనిపించే తునకల్లాగే ఉన్నాయి.

మొదట కుంచెను అనుమానించి తలస్నానం షాంపూతో కడిగాను. తర్వాత సబ్బు పాతబడిందేమోనని కొత్త బిళ్ళ తెచ్చాను. బ్లేడు మార్చాను. చివరికి ఆదివారం రేజరు మూడు ముక్కలుగా విప్పి బల్ల మీద పెట్టుకొని కూర్చున్నాను.

ఈ రేజరు మా నాయన నేను కావలిలో డిగ్రీలో చేరినప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డులో కొనిచ్చినది. పైమూత, పళ్ళ పలక, పిడి, అంతే. విప్పిన ప్రతిసారీ నాకు దాని మీద గౌరవం పెరుగుతుంది. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు, విడిగా పట్టుకుంటే కాగితంలా వంగుతుంది. పిడి బిగించగానే పైమూత దాన్ని విల్లులా వంచి పట్టుకుంటుంది, ఆ వంపుతో రేకుకు బిగువు వస్తుంది. అంచు ఎంత బయటికి రావాలో, ఏ వాలులో చర్మాన్ని తాకాలో ఆ రెండు ముక్కలే నిర్ణయిస్తాయి. కింగ్ క్యాంప్ జిలెట్ దీనికి 1901లో దరఖాస్తు పెడితే 1904లో పేటెంటు వచ్చింది. అంత పలుచని ఉక్కు రేకుకు పదును నిలవదని లోహం తెలిసినవాళ్ళే చెప్పిన రోజుల్లో, విలియం నికర్సన్ అనే ఇంజినీరు దాన్ని తయారు చేసే యంత్రాలను సాధించాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. లెక్కల మాస్టారిని కాబట్టి ఆ రెండు అంకెలు నాకు మరుపు రావు. అంత చిన్న లెక్కతో మొదలైన వస్తువు ఇప్పటికీ అదే ఆకారంలో నా అరచేతిలో ఉంది.

పళ్ళ పలక వంగలేదు, మర అరగలేదు. పళ్ళ సందుల్లో మాత్రం తెల్లగా ఏదో పేరుకొని ఉంది. సబ్బు మురికి అనుకొని పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాను. పోలేదు. అప్పుడే తట్టవలసింది.

నీళ్ళను ఎందుకు అనుమానించలేదంటే దానికీ కారణం ఉంది. అదే ఆదివారం కుంకుడుకాయలతో తలంటు పోసుకున్నాను. నురగ దండిగా వచ్చింది. బట్టల పొడి బకెట్లో నురగ పొంగుతూనే ఉంది. షాంపూ సంగతీ అంతే. మూడింటికి నురగ వచ్చే నీళ్ళలో నాలుగోదానికి రాకపోతే తప్పు నాలుగోదానిదే అని ఎవరైనా అనుకుంటారు.

ఈ పొద్దున పటిక అద్దుకుంటూ వంటగది గుమ్మంలో నిలబడి, సబ్బు మళ్ళీ మార్చాలి అన్నాను. మా ఆవిడ కుక్కరు మూత తీసి చూస్తోంది.

"సబ్బేం చేసిందండీ? ఈ నీళ్ళలో కందిపప్పే ఉడకడం లేదు. ఆరు విజిల్స్ అయినా పలుకులు పలుకులుగానే ఉంది. రేపటి నుంచి పప్పుకు డబ్బా నీళ్ళే పోస్తాను."

పప్పు ఉడకని నీళ్ళు. ఈ ప్రాంతంలో ఏ ఊళ్ళోనైనా ఆడవాళ్ళు నీటిని కొలిచే కొలత అది. చిన్నప్పుడు వందసార్లు విన్న మాట. హీటరు కడ్డీ మీద సున్నం పొర, బాత్‌రూము కుళాయి మూతికి పట్టిన తెల్లటి గార, రేజరు పళ్ళ సందుల్లోని గట్టి మురికి, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు వరుస కట్టాయి.

బడిలో మధ్యాహ్నం అన్నాల వేళ ఫిజికల్ సైన్స్ మేడమ్‌ను అడిగాను. ఆవిడ డబ్బా మూత మీద వేలితో గీస్తూ చెప్పారు. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లేదా పొటాషియం లవణం. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అవి ఆ కొవ్వు ఆమ్లాలను పట్టేసుకొని కరగని పదార్థంగా మారుస్తాయి. నా గిన్నె అంచున పేరుకున్న పలుకులు అవే. కాల్షియం అంతా తన వాటా తీసుకున్నాక మిగిలిన సబ్బుకే నురగ వస్తుంది. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువ. చిక్కటి నురగకు కారణం అదే, ఈ నీళ్ళకు దొరికిపోవడానికి కారణమూ అదే. షాంపూ, బట్టల పొడి వేరే జాతి, వాటికి కాల్షియంతో ఈ పేచీ అంతగా లేదు. కుంకుడుకాయలో ఉండే సపోనిన్లదీ అదే దారి. ఆ చివరి మాటతో నా ఆదివారం తలంటు చిక్కు విడిపోయింది.

మరిగిస్తే సరిపోతుందా అని అడిగాను. కొంత కాఠిన్యం తాత్కాలికం, అది మరిగిస్తే సున్నంగా అడుక్కి దిగిపోతుంది, శాశ్వత కాఠిన్యం పోదు అన్నారు. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుందట. మా బోరు ఎంతో కొలిపించాలి. ఆవిడ పుట్టిల్లు కనిగిరి వైపు. "మా దగ్గర నురగ గురించి ఎవరూ బాధపడరు మాస్టారూ, ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగినవాళ్ళు ఇంకా ఉన్నారు" అన్నారు. ఆ మాట తర్వాత కాసేపు నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం ఇంటికి వస్తూ మలుపులో ఉన్న మంగలి షాపు దగ్గర ఆగాను. నా కన్నా పదేళ్ళు పెద్దవాడు. బ్లేడును కాగితంతో సహా రెండుగా విరిచి, ఒక సగం కత్తికి తొడుగుతున్నాడు. బేరానికొక కొత్త ముక్క. నురగకు ఏ నీళ్ళు వాడతారని అడిగితే బల్ల కింద చూపించాడు. 20 లీటర్ల నీళ్ళ డబ్బా.

"తలకు బోరు నీళ్ళు కొట్టినా ఫరవాలేదు మాస్టారూ. గడ్డానికి మాత్రం ఇదే. రోజుకు ఎన్ని నీళ్ళు పడతాయి, రెండు చెంబులు. బోరు నీళ్ళతో చేస్తే బ్లేడు పట్టి పట్టి నడుస్తుంది, చేతికే తెలిసిపోతుంది."

పట్టి పట్టి నడవడం. మూడు వారాలుగా నా చెయ్యి నాకు చెబుతున్నది అదే.

ఇంటికొచ్చి రెండు గాజు సీసాలు కడిగాను. ఒకదాంట్లో బోరు నీళ్ళు, రెండోదాంట్లో డబ్బా నీళ్ళు, రెండింట్లో సమానంగా చాకుతో గీరిన సబ్బు తురుము. మూతలు బిగించి ఇరవై ఊపులు ఊపాను. డబ్బా నీళ్ళ సీసాలో నాలుగు వేళ్ళ ఎత్తున నురగ లేచి నిలబడింది. బోరు సీసాలో ఒక పలుచటి గీత, కింద మజ్జిగలా తెల్లబారిన నీళ్ళు, పైన తెట్టు. పిల్లలకు చూపించడానికి రేపు ఆ రెండు సీసాలూ బడికి తీసుకెళతాను.

పొద్దు గుంకాక గడ్డం గీయడం మా ఇంట్లో లేదు. కానీ ఉండబట్టలేక కుంచె నానబెట్టి, డబ్బా నీళ్ళతో గిన్నెలోనే నురగ తీశాను. అరచేతిలో వేసుకొని చూశాను. మీగడ. పది నిమిషాలు అలాగే పట్టుకున్నా కుంగలేదు. మూడు వారాల తర్వాత ఆ బరువు అరచేతికి తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇక్కడ రాసుకోకపోతే ఈ టపాకు అర్థం లేదు.

వెంటనే నెల్లూరుకు ఫోను చేశాను. నాయన అన్నయ్య దగ్గర ఉంటున్నాడు. ఎనభై నాలుగేళ్ళు, ఇప్పటికీ తన గడ్డం తానే గీసుకుంటాడు. సంగతంతా చెప్పాను.

"ఆ నీళ్ళలో సబ్బు విరుగుతుంది నాయనా" అన్నాడు. మేడమ్ చెప్పిన రసాయన శాస్త్రమంతా ఆ ఒక్క క్రియలో ఉంది. "మన ఊరి బావిలోనూ అంతే కదా. అందుకే మంచినీళ్ళు తీసుకునేవాణ్ణి."

మా ఊరు పొదిలి దగ్గర. 1970 దాకా ఆ వైపంతా నెల్లూరు జిల్లానే. తర్వాత ప్రకాశం జిల్లా వచ్చింది. కందుకూరును 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. పైన గీతలు ఎన్నిసార్లు మారినా నేల అడుగున నీళ్ళు మారలేదు. ఊళ్ళో బావులన్నీ ఉప్పు నీళ్ళే. మంచినీళ్ళ బావి ఒక్కటే, మైలు దూరం, చెరువు కట్ట అవతల. అమ్మ, మేనత్త బిందెలతో మోసుకొచ్చేవాళ్ళు. నాయన గడ్డానికి కూర్చునే ముందు తాగే నీళ్ళ కాగులో చెంబు ముంచేవాడు. "తాగే నీళ్ళతో గడ్డమా? మా మెడలు విరుగుతుంటే మీకు సోకులా?" అని అమ్మ ప్రతిసారీ అనేది. నాయన బదులు చెప్పేవాడు కాదు. పదేళ్ళ వయసులో నేను పూర్తిగా అమ్మ పక్షం. ఆ చెంబు నాయన స్వార్థంలాగే నా మనసులో మిగిలిపోయింది. పెద్దయ్యాక కూడా దాన్ని తీసి చూసుకోలేదు.

ఇవాళ ఫోనులో ఆ మాట అన్నాను. అమ్మ అంతగా అంటున్నా ఎందుకు తీసుకునేవాడివి అని.

"గడ్డం గీసుకునే రోజు చీకటితోనే సైకిల్ మీద నేనే ఒక బిందె తెచ్చి పోసేవాణ్ణి కదరా. చెంబు వాడుకొని బిందె పోసేవాణ్ణి. మీ అమ్మకు తెలుసు. తెలిసే తిట్టేది."

సైకిలు నాకు గుర్తుంది. వెనక క్యారియర్‌కు పాత ట్యూబుతో కట్టిన ఇత్తడి బిందె, మూతి మీద తడి గుడ్డ, ఒలకకుండా నాయన సైకిల్‌ను నడిపించుకుంటూ రావడం, ఎక్కకుండా. ఆ బిందెనూ ఆ చెంబునూ నేను ఎన్నడూ కలిపి చూడలేదు.

కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. నాయనే అడిగాడు, "పళ్ళ సందుల్లో సున్నం పట్టిందా? నిమ్మకాయ పిండి నానబెట్టు. ఇనుప పీచు పెట్టి గీరొద్దు."

గిన్నెలో రెండు నిమ్మకాయల రసం పిండి రేజరు ముక్కలు వేశాను. సన్నటి బుడగలు పళ్ళ వెంట వరసగా లేచాయి. పావుగంట తర్వాత తీసి గుడ్డతో తుడిస్తే, ఆదివారం బ్రష్షుకు లొంగని తెలుపు చేతికి వచ్చేసింది. ట్రంకు రోడ్డులో కొన్న రోజు మెరుపు కాదు కానీ, పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. బ్లేడు కూడా తుడిచి ఆరబెట్టాను.

ఇది రాస్తుండగా వాన మొదలైంది. ఈశాన్య రుతుపవనాలు మనకు వానలిచ్చే రోజులు ఇవి. రేపటి గడ్డానికి వాన నీళ్ళు పట్టుకుందామని బిందె తీసుకొని వరండాలోకి వెళ్ళబోతే మా ఆవిడ ఆపింది. "మొదటి నీళ్ళలో మిద్దె మీద దుమ్మంతా దిగుతుంది. కాసేపు కురవనిచ్చి పెట్టండి."

అరగంట ఆగి, గొట్టం కింద పెట్టి వచ్చాను. మొదట ఖాళీ బిందె మోత గట్టిగా వినిపించింది. ఇప్పుడు చప్పుడు సన్నబడింది. సగం నిండినట్టుంది.