బీరువాలో నా టీసీ

సోమవారం వచ్చిందంటే పొద్దున పదింటికల్లా కలెక్టరేట్‌లో ఉంటాను. జనం ఫిర్యాదులు ఇచ్చే ప్రజావాణి లైన్లో పింఛన్ల కోసం వచ్చిన ముసలవ్వలు, భూమి పంచాయితీల రైతులు, వాళ్ల మధ్యలో మా విద్యార్థి సంఘం పిల్లలం. నా సంచిలో లెటర్‌ప్యాడ్, స్టాంపు, ఇంకు ప్యాడ్, ఓ జిరాక్సు కాగితం ఎప్పుడూ ఉంటాయి. ఆ జిరాక్సు యూనివర్సిటీలకు, కాలేజీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాను.

మొన్న దాంతో పని పడింది. ఇంజినీరింగ్ పూర్తయిన ఓ చెల్లె వచ్చింది, వెంట వాళ్ల నాన్న. మార్కెట్ యార్డులో హమాలీ. బీసీలు, ఎంట్రెన్స్ ర్యాంకు పదివేలు దాటింది, కాబట్టి తెలంగాణ సర్కారు కాలేజీకి కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000. మూడో ఏడాదిది, నాలుగో ఏడాదిది రాలేదు. 70,000 కడితేనే సర్టిఫికెట్లు అని కాలేజీ. ఎంటెక్ సీటుకు రిపోర్ట్ చేయడానికి వారం కూడా లేదు.

"సర్కారు కడతదన్నరు గదా బిడ్డా, మళ్ల మమ్ముల నెందుకు అడుగుతున్నరు?" అన్నాడాయన.

జవాబు నాకు తెలుసు, చెప్పడానికే నోరు రాలేదు. రీయింబర్స్‌మెంట్ రాకుంటే మేమే కట్టుకుంటామని అడ్మిషన్ రోజు రాయించుకున్న కాగితం మీద ఆయన సంతకమే ఉంది.

ప్రిన్సిపల్ నా జిరాక్సు మొత్తం చదివాడు. అట్లా చదివినవాణ్ని నేను చూడటం అదే మొదలు. "టెన్త్, ఇంటర్ మెమోలు పట్టుకుపోండి, అవి మీ దగ్గర మేం తీసుకున్నవి. టీసీ మేం రాసిచ్చేది. దాని మాట ఇందులో ఎక్కడుంది?" అన్నాడు. నాకు మాట పడిపోయింది.

మామూలుగా అయితే గేటు ముందు కూర్చునేవాళ్లం. చెల్లె వాళ్ల నాన్నే వద్దన్నాడు. "లొల్లి చేయకుండ్రి, పిల్ల పేరు బయటికొస్తది." సరే అన్నాను. మా జూనియర్లకు మాత్రం నచ్చలేదు, ఫ్లెక్సీకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు మరి.

తర్వాత రెండు రోజులు సంక్షేమ శాఖ ఆఫీసు చుట్టూ తిరిగాం. స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లికేషన్ నంబరు కొట్టి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీసేవలో వేలిముద్ర పడింది, హార్డ్ కాపీలు చేరాయి, శాంక్షన్ అయింది, బిల్లుకు ట్రెజరీ టోకెన్ కూడా వచ్చింది. డబ్బే రాలేదు. ఆ సెక్షన్ క్లర్కు మేడమ్ లంచ్ డబ్బా మూసి, టోకెన్ నంబరు వేసి కాలేజీకి ఓ లెటర్ టైప్ చేయించి, సార్ సంతకం పెట్టించి ఇచ్చింది. మేం చేసిన ఏ ధర్నాకూ అంత తొందరగా కాగితం బయటికి రాలేదు.

ఒక మాట చెప్పాలి. ధర్నాలు చేస్తే చదువులు పాడవుతాయని మాకు క్లాసు పీకిన యాజమాన్యాలే 2025 నవంబరులో రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు మూసి బంద్ చేశాయి. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో పడ్డ జోకులు ఇక్కడ రాయలేను. కానీ వాళ్ల లెక్క కూడా అబద్ధం కాదు, లెక్చరర్లకు జీతాలు ఆగిన కాలేజీలు నాకు తెలుసు. ఎటొచ్చీ యాజమాన్యం సర్కారు మీద చూపించలేని కోపం హమాలీ కూతురి టీసీ మీద చూపిస్తుంది.

లెటర్ ఇచ్చిన మర్నాడు సాయంత్రం చెల్లె టీసీ ఫొటో పెట్టింది. కింద "థాంక్స్ అన్నా".

నా టీసీ ఇంకా మా డిగ్రీ కాలేజీ బీరువాలోనే ఉంది. నాదీ చివరి ఏడాది రీయింబర్స్‌మెంట్ రాలేదు. ఇదే లెటర్ నాకూ ఇప్పించుకోవచ్చు. కానీ జిల్లాలో ఇంతమందివి ఆగి ఉంటే నాయకుడిది ముందు వచ్చిందన్న మాట ఎవరి నోటా పడటం నాకిష్టం లేదు. మా అమ్మ రోజూ అడుగుతుంది. ఫైల్లో ఉందమ్మా అంటాను.