గుంటూరులో మా టెర్రస్ మీద రెయిన్‌గేజ్ పెట్టడం: నా అనుభవం

ఎట్టకేలకు పని పూర్తయింది. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వాన కొలిచే రెయిన్‌గేజ్, గాలివేగం కొలిచే ఎనిమోమీటరు రెండూ పనిచేస్తున్నాయి. అంతా గుర్తున్నప్పుడే రాసేస్తున్నా. ఇదే పని తలపెట్టినవాళ్లకి కొంత తిరుగుడైనా తప్పుతుంది.

ఉరుముల వానంటే నాకు ప్రాణం. ఏప్రిల్, మేలో పొద్దున్నుంచీ ఎండ మాడ్చేస్తుంది. దానికి తోడు సముద్రం మీది తేమగాలి. సాయంత్రానికి పడమటి వైపు క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం గోపురంలా లేస్తుంది. ముందు ఈదురుగాలి, వెనకే వాన. ఇది అల్పపీడనం వానలా జిల్లా అంతా ఒకే తీరున పడదు. అరండల్‌పేటలో రోడ్డు మునిగిన రోజే పట్టాభిపురంలో దుమ్ము కూడా తడవకపోవచ్చు. అందుకే ఎక్కడో ఒకచోట కొలిచిన లెక్క మన వీధికి పనికిరాదు.

మచిలీపట్నంలో వాన మేఘాల్ని దూరం నుంచే పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది కదా అంటారు. ఉంది, నేనూ రోజూ చూస్తాను. కానీ అది మనకి 75 కిలోమీటర్ల దూరం. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం కూడా గుంటూరు మీదికొచ్చేసరికి దాదాపు కిలోమీటరు ఎత్తుకి పోతుంది. మేఘం ఎంత బలంగా ఉందో చెబుతుంది, ఆ కింద నేల మీద ఎంత పడిందో చెప్పలేదు. కల్లంలో మిర్చి ఆరబోసుకున్న రైతుకి కావాల్సింది నేల మీది లెక్కే.

పరికరాలు కొనడం తేలిక. ఆన్‌లైన్‌లో దొరికే హోమ్ వెదర్ స్టేషన్ చాలు. ఒక్క జాగ్రత్త: వాటిలో వానను కొలిచేది టిప్పింగ్ బకెట్, అంటే నిండిన ప్రతిసారీ ఒరిగి నీళ్లు పారబోసే చిన్న తొట్టి. 0.2 మిల్లీమీటర్ల వానకి నిండే బకెట్ అయితే, గంటకి 100 మిల్లీమీటర్ల జోరుతో వాన పడేటప్పుడు ప్రతి ఏడు సెకన్లకి ఒకసారి ఒరుగుతుంది. ఒరిగే ఆ క్షణంలో పడిన నీళ్లు లెక్కలోకి రావు. అంటే సరిగ్గా మనకి కావాల్సిన కుంభవృష్టిలోనే అది తక్కువ చూపిస్తుంది. అందుకని పక్కనే చేత్తో కొలిచేది ఒకటి పెట్టుకోండి. లోపలి వ్యాసం 20 సెంటీమీటర్లున్న గరాటు, కింద 5 లీటర్ల క్యాను. 31.4 మిల్లీలీటర్లు వస్తే ఒక మిల్లీమీటరు వాన. ఆ క్యాను దాదాపు 159 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. గరాటు గోడలు నిటారుగా ఉండాలి, పల్చగా పరుచుకున్న గరాటులోంచి చినుకులు చిట్లి బయటికి పోతాయి. పిట్టగోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతలు దూరంగా పెట్టండి. రోజూ పొద్దున 8:30కి చూసి రాసుకోండి, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే కాబట్టి పోల్చుకోవచ్చు.

ఇక అసలు గొడవ. టెర్రస్ అందరిదీ కాబట్టి అసోసియేషన్‌లో అడిగాను. ఎనిమోమీటరు బిగించడానికి రెండు మీటర్ల గొట్టం అనగానే మీటింగ్‌లో గోల మొదలైంది. "ఇనప గొట్టం పిడుగును లాగుతుందండీ, మా పిల్లలకేమన్నా అయితే మీరు పూచీయా?" అన్నారు సెక్రటరీ గారు. పిడుగు ఇనుమును చూసి రాదు, ఎత్తును, ఒంటరిగా నిలబడ్డ కొనను చూసి వస్తుంది, మన లిఫ్ట్ రూమ్ కంటే కింద ఉండే గొట్టంతో కొత్తగా వచ్చే ప్రమాదం లేదు అని చెప్పాను. వినలేదు. ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని లెటర్ తెమ్మన్నారు. ఏ ఆఫీసో వాళ్లకీ తెలీదు.

వెళ్లాను. ఏ ఆఫీసో ఇక్కడ రాయను. ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి, అక్కణ్ణుంచి పై అంతస్తుకి. చివరికి ఒకాయన నా కాగితం అటూ ఇటూ తిప్పి, గదిలో అందరూ వినేలా, "వాన కొలవడానికి మీరెవరండీ? దానికి గవర్నమెంటుంది" అన్నాడు. నలుగురూ నవ్వారు. నా కాగితం టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. తలదించుకుని బయటికొచ్చాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆకాశం వైపు చూసి లెక్క రాసుకోవడం రైతు బిడ్డలకి తాతల నాటి నుంచీ ఉన్న పని, దానికి ఒకరి దయ అక్కర్లేదు. మీరు మాత్రం ఆ లెటర్ కోసం తిరగొద్దు. నేను అడిగిన ఏ కౌంటర్లోనూ అలాంటి ఫారమే లేదు.

పని జరిగింది వేరే దారిలో. మా బిల్డింగ్‌కి పిడుగును నేలలోకి దింపే లైట్నింగ్ అరెస్టర్ ఉంది కదా, గొట్టం దాని రక్షణలోకే వస్తుందని చూపిద్దామని వాచ్‌మన్‌తో తాళం తీయించి పైకెళ్లాను. లిఫ్ట్ రూమ్ మీద కడ్డీ నిలబడే ఉంది. దాని నుంచి దిగిన రాగి పట్టీని వెనక గోడ వెంబడి చూసుకుంటూ వస్తే, మొదటి అంతస్తు సన్‌షేడ్ దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి నేల దాకా పట్టీ లేదు. తుప్పు పట్టిన క్లాంపులు మాత్రం గోడకి ఉన్నాయి, వాటి మీదే రంగు కూడా వేసేశారు. రాగి ఎవరో ఎప్పుడో కోసుకుపోయారు. పిడుగు పడితే ఆ కరెంటు పట్టీ తెగినచోటు నుంచి గోడలోకి, పక్కనున్న వైర్లలోకి దూకుతుంది. నా గొట్టానికి భయపడ్డవాళ్లు ఇన్నేళ్లూ దీని కిందే కాపురం చేశారు.

ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ రాత్రే ఫోన్లు. మూడో అంతస్తు పిన్నిగారు, "బాబూ, ముందు అది బాగుచేయించు, నీ గొట్టం సంగతి నేను చూసుకుంటా" అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా.

బాగుచేయించేటప్పుడు గమనించాల్సినవి: మళ్లీ రాగి వేస్తే మళ్లీ పోతుంది, కింది భాగానికి 25×3 మిల్లీమీటర్ల జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుము) పట్టీ వేయించాం. రాగినీ జి.ఐ.నీ నేరుగా కలిపి బోల్టు బిగిస్తే తడికి జి.ఐ.ని తుప్పు తినేస్తుంది, మధ్యలో రెండు లోహాల్నీ కలిపే బైమెటాలిక్ కనెక్టర్ ఉండాల్సిందే. మా ఎలక్ట్రీషియన్ అది అవసరం లేదన్నాడు, నేను ఒప్పుకోలేదు. పట్టీని మూలల్లో 90 డిగ్రీలు మడవనివ్వకండి, వంపు తిప్పించండి. నేలకి మనిషెత్తు పైన విప్పదీయగలిగే టెస్ట్ జాయింట్ పెట్టించండి.

ఎర్త్ టెస్టర్‌తో ఎర్తింగ్ నిరోధం కొలిచేటప్పుడు ఆ జాయింట్ విప్పే కొలవాలి. కొలతకి సరైన కాలం ఎండాకాలం. మన నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును బాగా లాక్కుంటుంది, ఎండితే నెర్రెలిచ్చి, నేలలో పాతిన ఎర్త్ రాడ్‌ని వదిలేస్తుంది. వానాకాలంలో తీసిన రీడింగ్ చూపించి బిల్లు అడిగితే ఇవ్వకండి. 10 ఓంలు దాటకూడదు. మాది నాలుగు దగ్గర ఆగింది.

గొట్టం పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, ఒక షరతు నేనే రాసిచ్చాను: ఉరుము వినపడిందంటే టెర్రస్ తలుపుకి తాళం, చివరి ఉరుము తర్వాత అరగంటకి గానీ తీయకూడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు లెక్క, 30 సెకన్ల లోపే వినపడితే పిడుగు 10 కిలోమీటర్లలో ఉన్నట్టే. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ కూడా ఫోన్లో ఉంచుకోండి. పెద్దవాళ్లు అర్జునా ఫల్గుణా అని తలుచుకుంటారు, తలుచుకోనివ్వండి, అది గదిలో కూర్చునే చేయించండి. నేను మెరుపుల ఫొటోలు కూడా కిటికీ లోపలి నుంచే తీస్తాను.

మిగిలిన పని ఒకటుంది. కేబుల్ టీవీ వాళ్లు మా పాత పట్టీకే తమ వైర్లు కట్టేశారు, కొత్త పట్టీ పక్కనుంచే మళ్లీ లాగబోతే ఆపాను. అలా కట్టిన వైరు గుండా పిడుగు కరెంటు నేరుగా ఇంట్లో టీవీ దాకా వస్తుంది. మీ బిల్డింగ్ వెనక గోడ ఒకసారి చూసుకోండి, వైర్లుంటే అసోసియేషన్ చేత రాతపూర్వకంగా నోటీసు ఇప్పించి విప్పించండి. నోటిమాటగా చెబితే వాళ్లు రారు.